మూత్రంలో మంటకు తక్కువ ఖర్చులో సరైన వైద్యం: బస్తీ దవాఖానానా, క్లినిక్కా, మెడికల్ షాపా?

మూత్రం పోస్తుంటే మంట మొదలైందంటే మన ఇళ్ళల్లో ముందు వినపడే మాట "వేడి చేసింది". సబ్జా నీళ్ళు, బార్లీ జావ, పల్చటి మజ్జిగ అన్నీ అయ్యాక, రెండో రోజుకీ తగ్గకపోతే వీధి చివర మెడికల్ షాపు. అక్కడ మూడు రోజులకని ఆరు మాత్రలు కత్తిరించి ఇస్తారు. కాస్త నెమ్మదిస్తుంది, వారం తిరక్కుండా మళ్ళీ మంట. ఈసారి ఇంకో రంగు మాత్రలు. మూడోసారికి పెద్దాస్పత్రి, స్కానింగ్, కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష), రోజూ ఇంజెక్షన్.

యూటీఐకి, అంటే మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు, డబ్బు తగలబడేది ఎక్కువగా ఈ దారిలోనే. మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు కావాల్సింది చాలాసార్లు ఐదు రోజులకు పది మాత్రలు, అంతే. అందుకే ఎక్కడ చవక అని లెక్క వేసేటప్పుడు ఓపీ ఫీజు కంటే ముందు, మొదటిసారే సరైన మందు ఎక్కడ పడుతుందో చూసుకోవాలి.

ముందు మీది ఏ రకమో తేల్చుకోండి

మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపులో బరువు, మూత్రం మబ్బుగా ఉండటం. జ్వరం లేదు, నడుము నొప్పి లేదు. గర్భంతో లేని, షుగరు లేని ఆడవాళ్ళకు ఇలా వస్తే అది చాలావరకు మూత్రాశయం దగ్గరే ఉన్న ఇన్ఫెక్షన్. కారణం ఎక్కువగా మన పేగుల్లోనే ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా. ఎక్కడ చూపించుకోవాలో ఎంచుకునే వెసులుబాటు ఉన్నది వీళ్ళకే.

చలి వణుకుతో జ్వరం, వెనక పక్కటెముకల కింద ఒక వైపు నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్ళి ఉండొచ్చు. అప్పుడు ఫీజులు పోల్చుకుంటూ కూర్చోకూడదు. పడకలున్న ఆస్పత్రికి అదే రోజు వెళ్ళాలి, రాత్రయినా సరే. ఇక్కడ ఇంకో చిక్కుంది. చలిజ్వరం అనగానే కొన్ని ల్యాబుల్లో వైడాల్ పరీక్ష చేసి "టైఫాయిడ్" అని చెప్పేస్తారు. నడుము నొప్పి, మంట ఉన్నాయని మీరే నోరు తెరిచి చెప్పి మూత్ర పరీక్ష అడగండి.

గర్భిణులు, మగవాళ్ళు, చిన్నపిల్లలు, షుగరు ఉన్నవాళ్ళు, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు, మూత్రానికి గొట్టం వేసినవాళ్ళు, ఆరు నెలల్లో రెండుసార్లో ఏడాదిలో మూడుసార్లో వచ్చినవాళ్ళు మరో జట్టు. వీళ్ళకు జ్వరం లేకపోయినా కల్చర్‌కు శాంపిల్ ఇవ్వకుండా మందు మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

అసలు యూటీఐ కాని మంట కూడా ఉంటుంది. దురద, పెరుగు తరకల్లా తెల్లబట్ట ఉంటే అది ఫంగస్. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకు ఇది బాగా వస్తుంది, ఎందుకంటే ఆ మందులు చక్కెరను మూత్రంలోంచే బయటికి పంపుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో ముగిసి ధర పడిపోయాక చాలామంది చీటీల్లోకి వచ్చింది. ఈ ఫంగస్‌ను యూటీఐ అనుకుని యాంటీబయాటిక్ మింగితే అది ఇంకా పెరుగుతుంది. మగవాళ్ళకు మంటతో పాటు చీము కారుతుంటే ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సురక్షా క్లినిక్‌కు వెళ్ళండి. లైంగిక వ్యాధులకు అక్కడ మందులు ఉచితం.

ఎక్కడికి వెళ్ళాలి

పగటిపూట రెండు మూడు గంటలు వీలు చేసుకోగలిగితే మామూలు మంటకు మా మొదటి ఓటు దగ్గర్లోని ప్రభుత్వ కేంద్రానికే. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు, ఊళ్ళల్లో పీహెచ్‌సీ, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలు, ఆంధ్రలో అయితే 104 వాహనం ఊరికి వచ్చే రోజు. డాక్టరు, మూత్ర పరీక్ష, మాత్రలు మూడూ ఉచితం. తెలంగాణలో శాంపిల్ అక్కడే తీసుకుని టీ-డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు పంపుతారు, రిపోర్టు ఫోనుకు వస్తుంది. లోపమల్లా స్టాకు దగ్గర. కేంద్రంలో ఏ యాంటీబయాటిక్ ఉంటే అది చేతిలో పెట్టే అవకాశం ఉంది. మామూలు మంటకు ముందు వరస మందు నైట్రోఫ్యురాంటాయిన్. "నైట్రోఫ్యురాంటాయిన్ ఉందా? లేకపోతే చీటీ రాసివ్వండి, బయట కొనుక్కుంటాను" అని మర్యాదగా అడగండి. డాక్టర్లు ఏమీ అనుకోరు. ఉచితంగా వచ్చిన తప్పు మందు కంటే జేబులోంచి పెట్టుకున్న సరైన మందే చివరికి చవక.

ఉద్యోగం వల్ల పగలు కుదరకపోతే సాయంత్రం ఎంబీబీఎస్ క్లినిక్. ఫీజు ఊరిని బట్టి 200 నుంచి 500 దాకా, మూత్ర పరీక్షకు ఇంకో వంద, నూటయాభై. చీటీ మాత్రం ఆ క్లినిక్‌కు అతుక్కుని ఉన్న షాపులోనే కొనాలని లేదు. మందు అసలు పేరు రాయించుకుని జన్ ఔషధి కేంద్రానికి వెళ్తే బ్రాండు ధరలో సగానికో అంతకంటే తక్కువకో వస్తుంది. మీ దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, ఆ మందు వాళ్ళ జాబితాలో ఉందో లేదో "జన్ ఔషధి సుగమ్" యాప్‌లో తెలుస్తుంది. బ్రాండెడే కొనాల్సి వస్తే "ఫార్మా సహీ దామ్" యాప్‌లో అదే మందు వేరే కంపెనీల ధరలు పక్కపక్కన చూసుకోవచ్చు. ఒకే మందు, ఒకే మోతాదు, ధరల్లో తేడా చూస్తే నోరెళ్ళబెడతారు.

క్లినిక్కే లేని ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఈ-సంజీవని. ఫోన్ నంబరుతో నమోదై వీడియోలో ప్రభుత్వ డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు, చీటీ ఫోనులోనే వస్తుంది. జ్వరం లేని మామూలు మంటకు ఇది సరిపోతుంది. మొదటి మాటలోనే మీ వయసు, గర్భం ఉందో లేదో, షుగరు, ఏ మందులు పడవు, ఇంతకుముందు ఎప్పుడు వచ్చి ఏం వాడారు అన్నవి చెప్పేస్తే డాక్టరుకూ పని తేలిక.

నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతున్నవాళ్ళు ఆ సంగతే మర్చిపోయి బయట ఖర్చుపెడుతుంటారు. ఈఎస్ఐ డిస్పెన్సరీలో మీకే కాక మీ మీద ఆధారపడిన కుటుంబానికీ మందులు ఉచితం.

గర్భిణులు బయటికి పోనక్కర్లేదు. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్షలూ మందులూ ఉచితం. ప్రతి నెలా 9వ తేదీన పెద్ద డాక్టర్ల చెకప్ ఉంటుంది. మంట ఉంటే మాత్రం 9వ తేదీ దాకా ఆగకండి. గర్భంలో మంట లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా మాత్రమే కనపడినా వైద్యం చేయాలి. వదిలేస్తే కిడ్నీకి పాకడం, నెలలు నిండకుండా కాన్పు కావడం జరగొచ్చు. మందు వాడాక మళ్ళీ కల్చర్ చేయించడం కూడా వీళ్ళకు తప్పనిసరి.

ఇక మెడికల్ షాపు. కౌంటర్ దగ్గర "మూత్రంలో మంట" అనగానే ఎక్కువగా చేతికొచ్చేది ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర. నీళ్ళ విరేచనాలకు ఇచ్చే స్ట్రిప్పే అది. అందులో ఆర్నిడజోల్ ఈ.కోలై మీద అసలు పనిచేయదు. నోట్లో చేదు, కడుపులో తిప్పుడు మాత్రం మిగులుతాయి. మన దేశపు ఈ.కోలైలో చాలావరకు ఓఫ్లాక్సాసిన్‌కు లొంగడం లేదు. పైగా మూడు రోజులకే కత్తిరించి ఇస్తారు. మీరు చెల్లించినది సగం మందుకు, అదీ గురి తప్పిన మందుకు. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు షెడ్యూల్ హెచ్‌1 అనే మందుల జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి. షాపతను ఏదీ అడక్కుండా ఇచ్చేశాడంటే మీకు మేలు చేశాడని అనుకోకండి.

ఆర్ఎంపీ దగ్గర ఇంకో ప్రమాదం. గొంతు నొప్పికీ మంటకీ జ్వరానికీ ఒకే ఇంజెక్షన్. జెంటామైసిన్, అమికాసిన్ జాతివి కిడ్నీనీ చెవినీ దెబ్బతీయగలవు. మోతాదు బరువును బట్టి, కిడ్నీ పనితీరును బట్టి లెక్కగట్టాలి. ఆ లెక్క అక్కడ ఎవరూ వేయరు.

మందుల్లో ఏది మేలు

ఇవి డాక్టరు రాయాల్సినవే. చీటీ చేతికొచ్చాక ఏం రాశారో అర్థం కావడానికి ఈ వివరం.

భారత వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకాల్లో మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు ముందు వరసలో ఉన్నది నైట్రోఫ్యురాంటాయిన్. 100 మి.గ్రా. మాత్ర, రోజుకు రెండు, ఐదు రోజులు. అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, పైగా ఒంట్లోకి సరిగా చేరదు. మూత్రం ముదురు పసుపుగానో గోధుమ రంగుగానో వస్తుంది, భయపడి ఆపేయకండి. మెగ్నీషియం ట్రైసిలికేట్ ఉన్న యాసిడిటీ మాత్రతో కలిపి వేసుకోకూడదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళకు, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్నవాళ్ళకు, నెలలు నిండిన గర్భిణులకు ఇది వద్దు. ఇది మూత్రంలో చేరి పనిచేసే మందు, కిడ్నీ కండలో చాలినంత చేరదు. అందుకే జ్వరం, నడుము నొప్పి ఉన్న కేసులో ఇది రాస్తే తిరిగి అడగండి.

ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి, ఒక్కసారే. రాత్రి పడుకోబోయే ముందు మూత్రం పోసి వచ్చి, అరగ్లాసు చల్లటి నీళ్ళలో కలిపి వెంటనే తాగేయాలి. తిన్న రెండు మూడు గంటల తర్వాతయితే మంచిది. వేడినీళ్ళు వద్దు. ఒక్క సాచెట్ ధర నైట్రోఫ్యురాంటాయిన్ కోర్సు మొత్తానికయ్యే దానికంటే మామూలుగా ఎక్కువే. ఐదు రోజులు గుర్తుపెట్టుకుని వేసుకోలేనివాళ్ళకు మాత్రం ఆ తేడా పెట్టినా నష్టం లేదు. మంట పూర్తిగా పోవడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. మర్నాడే తగ్గలేదని ఇంకోటి కొనకండి.

కోట్రైమాక్సజోల్ అన్నిటికంటే చవక, కానీ ఇక్కడి బ్యాక్టీరియా చాలావరకు దానికి అలవాటుపడిపోయింది. కల్చర్‌లో పనిచేస్తుందని వస్తే హాయిగా వాడొచ్చు. సల్ఫా పడనివాళ్ళకు, గర్భం తొలి నెలల్లో వద్దు. సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ సంగతీ ఇంచుమించు ఇంతే. వాటికి తోడు నరాలు, కీళ్ళ దగ్గరి స్నాయువుల ఇబ్బందులు ఉన్నాయి. కల్చర్ చూసి రాస్తే తప్ప మొదటి మందుగా తీసుకోవద్దు. రాసినప్పుడు పాలతో, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి.

మంట తగ్గడానికి ఇచ్చే సిట్రాల్కా, ఆల్కాసాల్ లాంటి సిరప్‌లు మూత్రంలోని ఆమ్లాన్ని తగ్గిస్తాయి, బ్యాక్టీరియాను చంపవు. నైట్రోఫ్యురాంటాయిన్ పనిచేయడానికి మూత్రం కాస్త ఆమ్లంగా ఉండాలి. రెండూ ఒకే చీటీలో కనపడితే సిరప్ పక్కన పెట్టొచ్చా అని డాక్టర్ని అడగండి. సీసా డబ్బులు మిగులుతాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఇందులోని సోడియం సంగతి కూడా చెప్పాలి. మంటకు పారాసిటమాల్, వేడినీళ్ళ కాపడం చాలు. క్రాన్‌బెర్రీ సాచెట్లు వచ్చిన ఇన్ఫెక్షన్‌ను తగ్గించవు. వాటి ధరకు రెండు కోర్సుల సరైన మందు వస్తుంది.

బార్లీ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు మానక్కర్లేదు. మందుతో పాటు తాగండి, మందుకు బదులుగా వద్దు.

పరీక్షకు ఎప్పుడు ఖర్చుపెట్టాలి

మొదటిసారి వచ్చిన మామూలు మంటకు మూత్ర పరీక్ష ఒక్కటి చాలు. మన ల్యాబుల్లో దీన్ని సీయూఈ (కంప్లీట్ యూరిన్ ఎగ్జామినేషన్) అంటారు. స్కానింగ్ అక్కర్లేదు. కల్చర్‌కు ప్రైవేటులో కొన్ని వందలవుతుంది, ప్రభుత్వ బోధనాస్పత్రుల్లో మైక్రోబయాలజీ విభాగం ఉచితంగా చేస్తుంది. పైన చెప్పిన గర్భిణులు, మగవాళ్ళు, షుగరువాళ్ళ జట్టుకూ, సరైన మందు వాడి 48 గంటలైనా తగ్గనివాళ్ళకూ ఆ ఖర్చు పెట్టడం న్యాయం.

శాంపిల్ తప్పుగా పడితే పరీక్ష డబ్బులు నీళ్ళలో పోసినట్టే. ల్యాబు ఇచ్చిన మూత పెట్టిన సీసానే వాడండి, ఇంట్లో మందు సీసా కడిగి తీసుకెళ్ళొద్దు. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. చేతులు కడుక్కుని, ఆడవాళ్ళు ముందు నుంచి వెనక్కి మామూలు నీళ్ళతో కడుక్కోవాలి. డెటాల్ వాడితే శాంపిల్‌లోని బ్యాక్టీరియా కూడా చచ్చి రిపోర్టు తప్పుగా వస్తుంది. మొదటి ధార బయట పోనిచ్చి, మధ్య ధార సీసాలో 20, 30 మి.లీ. పట్టి, సీసా లోపల వేలు తగలకుండా మూత బిగించాలి. గంట, రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నం దాకా తిరిగితే లేని బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక ముందు ఎపిథీలియల్ సెల్స్ (చర్మపు పొర కణాలు) ఎన్నున్నాయో చూడండి. పస్ సెల్స్ (చీము కణాలు) 15, ఎపిథీలియల్ సెల్స్ కూడా 15 అని ఉంటే అది చర్మం మీది మడ్డి కలిసిన శాంపిల్. కల్చర్‌లో "మిక్స్‌డ్ గ్రోత్" అని వచ్చినా అర్థం అదే, మళ్ళీ ఇవ్వాలి. ఒకే బ్యాక్టీరియా లక్ష కాలనీలకు పైగా ఉందంటే ఇన్ఫెక్షన్ బలంగా ఉన్నట్టు. కింద మందుల పట్టికలో ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే పనిచేయదు. పట్టిక చివర మెరోపెనెమ్, కోలిస్టిన్ పక్కన ఎస్ కనపడిందని వాటికి ఆశపడకూడదు. అవి ఐసీయూ కేసులకు దాచుకోవాల్సినవి.

"ఈఎస్‌బీఎల్ పాజిటివ్" (చాలా యాంటీబయాటిక్‌లను పనిచేయనివ్వని బ్యాక్టీరియా) అన్న మాట చూసి చాలామంది బెంబేలెత్తి వారం రోజుల ఇంజెక్షన్లకు ఒప్పుకుంటారు. జ్వరం లేని మూత్రాశయ ఇన్ఫెక్షన్ అయితే అదే పట్టికలో నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ ఎస్ అని ఉన్నాయేమో చూడండి. తరచుగా ఉంటాయి. అప్పుడు "మాత్రలతో సరిపోదా?" అని అడగాల్సిందే. వేలల్లో తేడా వచ్చే ప్రశ్న అది.

ఇంకో మాట, ఇంట్లో పెద్దవాళ్ళ గురించి. ఏ మంటా జ్వరమూ లేకుండా హెల్త్ చెకప్‌లో పస్ సెల్స్ కనపడితే, గర్భిణులకు తప్ప, ఊరికే యాంటీబయాటిక్ వాడకూడదు. వాడితే లొంగని బ్యాక్టీరియా తయారవడం తప్ప లాభం లేదు. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నా, మూత్రం ఆగిపోయినా అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

చేరాల్సి వస్తే

కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి, జ్వరం తగ్గాక కల్చర్ చూసి మాత్రలకు మారుస్తారు. హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, వరంగల్‌లో ఎంజీఎం, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో అత్యవసర విభాగం రాత్రీ పగలూ ఉంటుంది, 108 తీసుకెళ్తుంది. ఆరోగ్యశ్రీ గానీ ఎన్టీఆర్ వైద్య సేవ గానీ ఓపీలో రాసే మాత్రలకు పనికిరావు. ప్రైవేటులో చేరేటట్టయితే అడ్వాన్సు కట్టకముందే అక్కడి ఆరోగ్యమిత్రను వెతికి, మీ కేసు జాబితాలోకి వస్తుందో లేదో అడగండి. ఇంజెక్షన్ మొదలై 72 గంటలైనా జ్వరం దిగకపోతే స్కానింగ్ తప్పదు, రాయి అడ్డుపడిందేమో, చీము గడ్డ కట్టిందేమో చూడాలి.

మళ్ళీ మళ్ళీ వస్తుంటే

నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకు ఇది తిరగబెడుతుంటే ప్రతిసారీ యాంటీబయాటిక్ కొనే బదులు, యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము గురించి గైనకాలజిస్టును అడగండి. చిన్నవయసు వాళ్ళయితే కలయిక తర్వాత మూత్రం పోయడం, ఆఫీసులో టాయిలెట్ బాగోలేదని నీళ్ళే తాగకుండా ఉండే అలవాటు మానడం. వీటికి పైసా ఖర్చు లేదు. మగవాళ్ళకు రెండోసారి వస్తే ప్రోస్టేట్, రాళ్ళు చూడటానికి యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాలి, అక్కడ బేరం లేదు.

చేయించిన ప్రతి కల్చర్ రిపోర్టునూ ఫోటో తీసి ఫోన్లో తేదీతో పెట్టుకోండి. వచ్చేసారి మంట మొదలైనప్పుడు, కొత్త రిపోర్టు రావడానికి పట్టే రెండు మూడు రోజులు డాక్టరు ఏ మందుతో నెట్టుకురావాలో నిర్ణయించేది ఆ పాత పట్టిక చూసే.